మజిలీలో ఆగిన కథ



పగటిపూట కథ చెబితే దారిన పోయేవాళ్లు దారి తప్పుతారని మా అవ్వ అనేది. ఆమె నోటి కథ వినాలంటే పొద్దు మునిగేదాకా కాచుకోవాల్సిందే. ఆ మాట మన్నించి, ఈ ప్రసంగం కూడా దీపాలు పెట్టిన తర్వాతే మీ చెవిన పడాలని కోరుకున్నాను.

మా ఊళ్లో కథలకు ఒక కాలం ఉండేది. ముంగారు వాన ఇంకా పడకముందు, విత్తనం బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, ఒలిచే రాత్రులవి. అనంతపురం సీమలో పుట్టినవాళ్లకు ఆ రాత్రుల గురించి చెప్పనక్కర్లేదు. మూటలు విప్పి, కాయల మీద ఇన్ని నీళ్లు చిలకరించి, ఇంటిల్లిపాదీ కుప్ప చుట్టూ కూర్చునేవాళ్లం. పప్పు మీద పొర ఊడకూడదు. బద్ద విడిపోతే అది మొలవదు. అందుకే చేత్తోనే ఒలవాలి. గంట తిరిగేసరికి బొటనవేలు మండేది, కళ్లు వాలిపోయేవి. పిల్లలు నిద్రలోకి జారకుండా పెద్దవాళ్ల దగ్గరున్న ఉపాయం ఒక్కటే, కథ.

అవ్వ చెప్పే కథల్లో కాశీకి నడిచిపోయే ఒక సన్న్యాసి ఉండేవాడు. ఆయన వెంట ఒక గొల్లపిల్లోడు. పొద్దు గూకే వేళకు ఏదో ఒక ఊరి బయట ఆగేవాళ్లు. పిల్లోడు ఆ ఊళ్లో ఏదో వింత చూసి వచ్చి, "ఇదేంది సామీ, దీని కథ చెప్పు" అనేవాడు. చెప్తేనే మరునాడు మూట మోస్తాడు. అవ్వకు చదువు రాదు. వాళ్ల నాయన రచ్చకట్ట మీద దీపం పెట్టుకుని పుస్తకం చదువుతుంటే విన్న కథలట అవి. ఏ పుస్తకమో ఆమెకు తెలియదు.

నాకు తెలిసింది గ్రంథాలయంలో ఉద్యోగానికి చేరిన తర్వాత. అది మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు. 1868లో పుట్టి 1928లో కన్నుమూసిన ఆ మహానుభావుడు 12 భాగాల నిండా ఆ కథలు రాశారు. సన్న్యాసి పేరు మణిసిద్ధుడు. ఆయన దగ్గరున్న మణి మహిమతో ఎక్కడ జరిగిన సంగతైనా తెలుసుకోగలడు. గోపకుమారుడు అడుగుతాడు, ఆయన చెప్తాడు. ఒక కథలో ఇంకొకటి, దాని లోపల మరొకటి. గంధర్వులు, శాపాలు, పరకాయ ప్రవేశాలు, మాయమయ్యే నగరాలు. భాష గ్రాంథికమే అయినా పల్లెటూరి ఆడవాళ్లు కూడా చదివించుకుని విన్నారు. మా శాఖలో ఆ భాగాలు బీరువాలో నిలిచిన రోజు తక్కువ. నాలుగోది వెళ్లిందంటే తొమ్మిదోది వచ్చేది, రెండోది ఎవరింట్లోనో ఆరు నెలలు ఉండిపోయేది. పాఠకులు వరస తప్పినా బాధపడేవాళ్లు కాదు. ఏ మజిలీలో ఎక్కినా ప్రయాణం ప్రయాణమే.

కాలినడకన కాశీకి పోయే రోజులు ఎలాంటివో మనకు నిజమైన సాక్ష్యం కూడా ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మేలో చెన్నపట్నం నుంచి బయలుదేరి, ఏ ఊళ్లో ఆగారో, అక్కడ నీళ్లు ఎలా ఉన్నాయో, ఏ సరుకు దొరికిందో రాసి పెట్టారు. ఆయన మజిలీల్లో కనిపించేది బియ్యం, నెయ్యి, బాట, బోయీలు. దీక్షితులు గారి మజిలీల్లో యక్షులు, రాక్షసులు. రెండింట్లోనూ ఉన్నది ఒకే అలసట. రోజంతా నడిచిన కాళ్లు చాపుకుని కూర్చున్న మనిషికి ఆ రాత్రి గడవడానికి ఏదో ఒకటి కావాలి కదా.

ఇదంతా మళ్లీ నా మనసులో మెదలడానికి కారణం మా మనవరాలు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఒకనాడు రాత్రి ఫోన్‌లో బొమ్మల సినిమా ఏదో చూస్తుంటే పక్కన కూర్చున్నాను. జపాన్ వాళ్లదట. పేరు బకెమొనొగతారి. జపాన్ భాషలో బకెమొనొ అంటే దయ్యం, వింతజీవి. మొనొగతారి అంటే కథ. రెండూ కలిసి ఒకే మాటయ్యాయి. దయ్యాల కథ అన్నమాట. నిషియో ఇషిన్ అనే రచయిత 2006లో పుస్తకంగా తెచ్చారు. బొమ్మలు వేసింది వోఫాన్ అనే తైవాన్ చిత్రకారుడు. 2009లో షాఫ్ట్ అనే సంస్థ దాన్ని బొమ్మల ధారావాహికగా తీసింది. ఆ తర్వాత భాగాల మీద భాగాలు వచ్చాయి. ఇలాంటి పుస్తకాలను అక్కడ లైట్ నవలలంటారు. చేతిలో ఇమిడేంత చిన్నవి, మధ్యమధ్యలో బొమ్మలు, ఒకదాని వెంట ఒకటిగా వచ్చే భాగాలు. ముఖ్యంగా చదివేది హైస్కూలు, కాలేజీ వయసు పిల్లలు.

అందులో మొదటి కథ ఒక అమ్మాయిది. సెంజోగహారా ఆమె పేరు. హైస్కూలు పిల్ల. మెట్ల మీది నుంచి జారి పడబోతుంటే అరారాగి అనే అబ్బాయి చేతులు చాచి పట్టుకుంటాడు. ఆమెకు బరువే లేదు. మొత్తం అయిదు కిలోలు. ఒక పీత దయ్యం ఆమె బరువును తీసుకుపోయింది. నేను మొదట పిల్లల ఆట అనుకున్నాను. తర్వాత తెలిసిందేమంటే ఆ బరువు ఊరికే పోలేదు. తల్లి కారణంగా పడిన దుఃఖాన్ని మోయలేక ఆ పిల్లే దాన్ని దేవతకు అప్పగించింది. దుఃఖం పోయింది, దాంతో పాటే ఒంటి బరువూ పోయింది. బరువు తిరిగి రావాలంటే ఆ దుఃఖాన్ని తనదని ఒప్పుకుని మళ్లీ ఎత్తుకోవాలి. దారి చూపిన ఒషినో అనే మనిషి అందుకు లక్ష యెన్లు రుసుం అడుగుతాడు. ఉచితంగా ఏదీ లేదు.

మా మనవరాలు చూస్తూ చూస్తూ అడిగింది. "తాతా, మనకు ఇట్లాంటివి లేవా?"

ఆ ప్రశ్నకు ఉన్నాయని ఒక్క మాటలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ గోపకుమారుడు అడిగినప్పుడు మణిసిద్ధుడు ఒక్క మాటతో సరిపెట్టలేదు. నేనూ సరిపెట్టలేకపోయాను.

జపాన్‌లో ఎడో అనే యుగంలో, అంటే మూణ్ణాలుగు వందల ఏళ్ల కిందట, ఒక ఆట ఉండేది. హ్యాకుమొనొగతారి, అంటే నూరు కథలు. రాత్రి కొందరు ఒకచోట చేరి, నీలిరంగు కాగితం చుట్టిన దీపంలో నూరు వత్తులు వెలిగించేవాళ్లు. ఒక్కొక్కరు ఒక దయ్యం కథ చెప్పి, లేచి వెళ్లి ఒక వత్తి ఆర్పి వచ్చేవాళ్లు. కథ కథకూ గది చీకటవుతూ వస్తుంది. నూరోది ఆరిపోతే నిజంగానే ఏదో వస్తుందని నమ్మకం. అందుకని చాలామంది తొంభై తొమ్మిదో కథ దగ్గర ఆపి, తెల్లవారేదాకా అలాగే కూర్చునేవాళ్లట. ఇది చదివిన రోజు నాకు మా ఇంటి బుడ్డల కుప్ప కళ్లముందు కదిలింది. అక్కడ కథ కథకూ వత్తి తగ్గేది, ఇక్కడ కథ కథకూ కుప్ప తగ్గేది. మజిలీ కథల్లో దారి తగ్గుతుంది. మూడు చోట్లా ఒకరు అడిగేవాళ్లు, ఒకరు చెప్పేవాళ్లు, చుట్టూ చీకటి.

కాయితం మీది వింత తెర మీదికి వెళ్లేటప్పుడు ఏం మిగలాలి, ఏం పోవాలి అన్న విషయంలో నాకు గురువనిపించే మనిషి మన తాడిపత్రివాడు. కదిరి వెంకటరెడ్డి గారు. లోకానికి కె.వి.రెడ్డి. 1912 జూలై 1న తాడిపత్రిలో పుట్టారు. గుంతకల్లు, రేణిగుంట మార్గంలో రైలెక్కితే మద్రాసు. ఆ దారినే వెళ్లిన ఇంకో తాడిపత్రి మనిషి, ఆయన స్నేహితుడు మూలా నారాయణస్వామి వాహిని సినిమా సంస్థకు అండగా నిలిచారు. కె.వి.రెడ్డి గారు అక్కడ మొదట చేసిన పని డబ్బు లెక్కలు చూడటం, నిర్మాణ వ్యవహారాలు నడపటం. 1943లో భక్త పోతనతో దర్శకుడయ్యారు. లెక్కల అలవాటు మాత్రం చివరిదాకా పోలేదు. స్క్రిప్టు పూర్తిగా కాగితం మీదికి రానిదే సెట్టులో అడుగుపెట్టేవారు కాదు. ఏ సన్నివేశం ఎన్ని నిమిషాలు, ఎన్ని అడుగుల ఫిల్మో స్టాప్‌వాచీ పట్టుకుని ముందే కొలిచేవారు. గుక్కెడు నీళ్లు కూడా కొలిచి వాడుకునే నేల మీద పుట్టిన మనిషికి ఆ కొలత రక్తంలో ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

అలాంటి మనిషి కొలతే లేని కాశీమజిలీ కథల్లోకి చెయ్యి పెట్టి తీసినది పాతాళభైరవి. విజయా సంస్థకు నాగిరెడ్డి, చక్రపాణి గార్లు నిర్మాతలు. 1951 మార్చి 15న విడుదలైంది. మజిలీ కథకు అల్లావుద్దీన్ అద్భుతదీపం పోలికలు కూడా కలిశాయి. రాసింది పింగళి నాగేంద్రరావు గారు. చిత్రానువాదంలో కమలాకర కామేశ్వరరావు గారి చెయ్యి ఉంది. కెమెరా మార్కస్ బార్ట్లే, సంగీతం ఘంటసాల, కళ గోఖలే, కళాధర్. తోటరాముడు ఎన్.టి.రామారావు, నేపాళ మాంత్రికుడు ఎస్.వి.రంగారావు.

ఆ కథలో మహిమలకు ఎంత గట్టి నియమాలున్నాయో గమనించండి. తోటమాలి కొడుకు ఉజ్జయిని రాకుమారిని కోరుకుంటాడు. రాజుగారు సిరిసంపదలతో రమ్మంటాడు. మాంత్రికుడికి ఒక సాహసి కావాలి. ఎవడైనా సరిపోడు, లక్షణాలు కలిసిన వాడే కావాలి. వాడిని భైరవికి బలి ఇస్తే కోరినదిచ్చే ప్రతిమ దొరుకుతుంది. కొలనులో దిగిన రాముడు మొసలిని చంపితే అది శాపం తీరిన అప్సరసై మాంత్రికుడి గుట్టు విప్పుతుంది. అప్పుడు బలి అయ్యేది మాంత్రికుడే. ప్రతిమ రాముడి చేతికి వస్తుంది. ఇక్కడే అసలు మెలిక. ఆ ప్రతిమకు మంచివాడు, చెడ్డవాడు అన్న తేడా తెలియదు. ఎవరి చేతిలో ఉంటే వారి మాట వింటుంది. శిష్యుడు సదాజపుడు సంజీవనితో గురువును బతికిస్తాడు. రాజుగారి బావమరిది చేత ప్రతిమను దొంగిలింపజేయగానే రాముడి మేడా, రాకుమారీ అన్నీ మాంత్రికుడి వశమవుతాయి. వరం ఇచ్చిన నియమమే దాన్ని లాక్కుపోతుంది. లక్ష యెన్ల రుసుం అడిగిన ఆ ఒషినోను చూస్తున్నప్పుడు నాకు గుర్తుకొచ్చింది ఈ ప్రతిమే. మంత్రం వేస్తే ఏదైనా జరిగిపోయే కథలో వినేవాడికి భయమూ ఉండదు, ఆశా ఉండదు. వెల కట్టిన మాయ మనసులో నిలబడుతుంది.

ఇంత చేసిన కె.వి.రెడ్డి గారు మణిసిద్ధుణ్ణీ, గొల్లపిల్లవాణ్ణీ మాత్రం తెర మీదికి తీసుకురాలేదు. కథలో కథ సినిమాకు సరిపడదు. ఒక్క పోగు లాగి నేశారు. ఆ అడిగే గొంతు మాత్రం పోలేదని నా అభిప్రాయం. అది అంజిగాడిలోకి వచ్చింది. బాలకృష్ణ గారు వేసిన ఆ స్నేహితుడు భయపడతాడు, ప్రశ్నిస్తాడు, నవ్విస్తాడు. మన బదులు ఆశ్చర్యపోయేది అతనే. ఇక మాంత్రికుడు. పుస్తకంలో అలాంటి వాళ్లు వంద మంది. తెర మీద రంగారావు గారు ఒక్కరే. డింభక అన్న సంస్కృత మాటను ఆయన నోట పలికించి, అది ఇప్పటికీ పల్లెల్లో పిల్లల ఆటల్లో బతికి ఉండేలా చేశారు పింగళి. ఒక మాటను నిఘంటువులో నుంచి లాగి జనం నాలుక మీద పెట్టడం కూడా మంత్రవిద్యే.

జపాన్ ప్రచురణకర్తలు మీడియా మిక్స్ అని ఒక మాట వాడతారు. ఒకే కథను పుస్తకంగా, పత్రికలో, బొమ్మల్లో, సినిమాగా ఒకేసారి నలువైపుల నుంచి జనం ముందు పెట్టడం. కడొకావా సంస్థ 1976లో ఇనుగామి వంశం కథను సినిమాగా తీసి, పుస్తకాలను కూడా దానితో పాటు జోరుగా అమ్మిన దగ్గర నుంచి ఆ పద్ధతికి పేరొచ్చింది. అందుకు పాతికేళ్ల ముందే మన నాగిరెడ్డి, చక్రపాణి గార్లు పాతాళభైరవిని తమ చందమామ పత్రికలో కథగా అచ్చువేసి, ఎం.టి.వి.ఆచార్య గారి చేత బొమ్మలు వేయించి ఇంటింటికీ పంపారు. మజిలీ పుస్తకం సినిమా అయింది, సినిమా మళ్లీ పిల్లల పత్రికలోకి దిగింది. తమిళంలోనూ అదే ఏడు వచ్చింది. 1952 జనవరిలో బొంబాయిలో మన దేశపు మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగితే, దక్షిణాది నుంచి ప్రదర్శించిన చిత్రం ఇదొక్కటే. తాడిపత్రి మనిషి లెక్క అంత దూరం వెళ్లింది.

ఆ తర్వాత చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు మొదలయ్యాయి. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, పాతాళదుర్గం. నెలనెలా ఒక్కో భాగం, దానికి చిత్రా గారి బొమ్మలు. పోస్టుమాన్ రాక కోసం మేం వీధి చివర నిలబడింది వాటి కోసమే. భాగాలుగా రావడం, బొమ్మలు ఉండటం, కుర్రవాళ్ల కోసం రాయడం, వింతజీవులు. లైట్ నవల లక్షణాల్లో ఏది తక్కువ? రెండు తక్కువయ్యాయి. పుస్తకాలుగా వెంటవెంటనే రాలేదు, తెర మీదికి వెళ్లలేదు. నా మనసులో ఉన్న కొరతల్లో ఇదొకటి. జపాన్‌లో హిదెయుకి కికుచి అనే రచయిత 1983లో రక్తపిశాచాల వేటగాడి కథ మొదలుపెడితే, దానికి యొషితక అమానొ వేసిన బొమ్మలే ఆ వేటగాడి ముఖమైపోయాయి. 1985కల్లా బొమ్మల చిత్రం వచ్చేసింది. చిత్రా గారు గీసిన ఆ కోరల మనిషి, ఆ కొండ గుహ కదలకుండా కాగితం మీదే ఉండిపోయాయి.

కదిలే బొమ్మలు మనకు కొత్త కావు. ధర్మవరం పక్కన తోలుబొమ్మల ఊరు నిమ్మలకుంటకు వెళ్లండి. 2022లో జిల్లా విడిపోయాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, మాకు అది ఇంటి ముంగిలే. అక్కడ మేకతోలును పలుచగా గీకి, వెలుతురు అటునుంచి ఇటు కనబడేదాకా శుభ్రం చేసి, రంగులు అద్ది, నగల చోట చిల్లులు పొడుస్తారు. తెర వెనక దీపం పెడితే ఆ చిల్లులే రత్నాలవుతాయి. జపాన్ బొమ్మల చిత్రాలు ఒకప్పుడు పారదర్శకమైన రేకుల మీద రంగులు వేసి తీసేవాళ్లు. ఇక్కడ అదే పని తోలు మీద చేశారు. పదితలల రావణుడి చెయ్యి కదిలితే పిల్లలు వెనక్కి జరిగేవాళ్లు. మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్విస్తేనే మళ్లీ ముందుకు వచ్చేవాళ్లు. అంజిగాడి పూర్వీకులు వాళ్లే అని నాకనిపిస్తుంది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన రోజు, రేడియోలో వార్త విని నేను లేచి నిలబడ్డాను.

రేడియో మాట వచ్చింది కాబట్టి చెబుతాను. పాతాళభైరవిని నేను మొదట చూడలేదు, విన్నాను. ఆకాశవాణిలో సినిమాలను కుదించి సంక్షిప్త శబ్దచిత్రంగా వేసేవాళ్లు. మా వీధిలో ఒకే ఇంట్లో రేడియో. ఆదివారం మధ్యాహ్నం అరుగు నిండిపోయేది. రంగారావు గారి గొంతు వినబడగానే చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేవాళ్లు. ఆ గుహ ఎంత లోతుందో, భైరవి ముఖం ఎలా ఉంటుందో ఎవరికి వాళ్లు కట్టుకున్నాం. తర్వాత టూరింగు టాకీసులో ఇసుక మీద కూర్చుని చూసినప్పుడు, తెర మీది గుహ నా గుహకంటే చిన్నదిగా కనిపించింది. బార్ట్లే గారి పనితనానికి లోపం లేదు. వినడంలో అంత చోటుంది మరి. ఇదే కథను పక్క కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజం వాళ్లు రంగస్థలం మీదికి తెచ్చారు. తెర మీద కెమెరా చేసిన మాయను వాళ్లు తాళ్లతో, పలకలతో, పొగతో కళ్లముందే చేస్తారు. మాయాబజార్‌కు కె.వి.రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు గారు 1994లో భైరవద్వీపం తీశారు. ఒక మజిలీ నుంచి ఇంకొక మజిలీకి ఆ కథ నడుస్తూనే ఉంది.

పాతాళం అన్న మాట సినిమాలో ఒక అర్థమైతే, మన అనంతపురంలో ఇంకొక అర్థం. పడమటి కనుమల అవతలే నైరుతి వాన చాలావరకు ఆగిపోతుంది. తూర్పు తీరానికి మనం దూరం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడేదాంతోనే బతకాలి. మిగతాది కింద వెతకాలి. మా చిన్నాయన బోరు వేయించిన రోజు నాకు బాగా గుర్తు. అరచేతిలో టెంకాయ పట్టుకుని ఒకాయన చేనంతా నడిచాడు. ఒకచోట టెంకాయ నిక్కపొడుచుకుని లేచింది. అక్కడ పసుపు, కుంకుమ పెట్టి బండి నిలబెట్టారు. రాత్రంతా చప్పుడు. రెండు వందల అడుగులు, మూడు వందలు, నాలుగు వందల యాభై. పైకి వచ్చింది తెల్లటి దుమ్ము. చిన్నమ్మ మెడలో గొలుసు అప్పటికే కుదువకు వెళ్లింది. చిన్నాయన దుమ్ము పట్టిన ముఖంతో ఆ గుంత పక్కనే తెల్లవార్లూ కూర్చున్నాడు. మరో రెండు బోర్లు వేయించాడు. పాతాళం అడిగిన వెల కట్టినా, ప్రతిమ చేతికి రాని కథలు మా మండలంలో ఇంటికొకటి ఉన్నాయి. అందుకే తోటరాముడు గుహలోకి దిగే సన్నివేశం దగ్గర మా ఊరి టాకీసులో ఈలలు వినబడేవి కావు. జనం ఊపిరి బిగబట్టేవాళ్లు.

విచిత్రం ఏమిటంటే కె.వి.రెడ్డి గారు పుట్టిన తాడిపత్రిలోనే, పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఉంది. విజయనగర కాలపు శిల్పం. ఏటిలో ఇసుక తప్ప ఏమీ లేని రోజుల్లో కూడా అక్కడ లింగం దగ్గర నీటి ఊట ఊరుతుంటుంది. బుగ్గ అంటేనే ఊట.

ఇప్పుడు అవ్వ చెప్పిన ఒక కథ. నేను ఇన్నేళ్లుగా వెతుకుతున్నది.

ఒక ఊళ్లో ఏడేళ్లు వాన లేదు. బావులన్నీ ఎండిపోయినాయి. ఒక విధవరాలి కొడుకు మోకు పట్టుకుని ఊరబావిలోకి దిగినాడు. అడుగున రాతి మీద ఒక యక్షిణి కూర్చుని ఉంది. "నీళ్లిస్తా, బదులుగా నీ పేరు నాకియ్యి" అనింది. పేరే కదా అని వాడు ఇచ్చేసినాడు. బావి నిండింది. కానీ ఆ పిల్లోణ్ణి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే నీళ్లు జానెడు దిగిపోతాయి. రెండు మూడుసార్లు అట్లా దిగేసరికి ఊరంతా వాడి పేరు మరిచిపోయింది. అబ్బీ అని ఒకరు, ఒరే అని ఒకరు. పంటలు పండినాయి, పెళ్లిళ్లు అయినాయి. మరిచిపోలేనిది కన్నతల్లి ఒక్కతే. ఆమె నోరు కట్టుకుని బతికింది. ఒకనాడు మేకలు తోలుకుపోయిన పిల్లోడు చీకటి పడినా తిరిగి రాలేదు. గుట్టల్లో నక్కలు కూస్తున్నాయి. ఆమె గుట్టెక్కి, చీకట్లోకి చూసి, నోరు తెరిచింది...

అక్కడ అవ్వ ఆపింది. "మిగిలింది రేపు" అని చేతులు దులుపుకుని లేచింది. ఆ రాత్రే వాన పడింది. పొద్దున్నే గొర్రు కట్టారు. విత్తనాల పనిలో కథ మాట ఎవరికీ గుర్తు రాలేదు. ఆ ఏడు చలికాలంలో అవ్వ పోయింది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కాశీమజిలీ భాగాలు పేజీ పేజీ తిప్పాను. మా శాఖలో ఉన్నవి 11. ఏడో భాగం నేను చేరకముందే పోయింది. ఆ పదకొండింట్లో ఈ కథ లేదు. ఏడో దాంట్లో ఉందేమో. లేదా అవ్వే కట్టిందేమో, వాళ్ల నాయన కట్టాడేమో. శ్రోతల్లో ఎవరింట్లోనైనా అటక మీద అట్ట ఊడిన పాత సంపుటం ఉంటే, దయచేసి పాత కాగితాలవాడికి వేయకండి. మీ దగ్గరి శాఖా గ్రంథాలయంలో ఇవ్వండి. మా వైపు ముసలివాళ్లలో ఎవరికైనా ఈ కథ తెలిసి ఉంటే, ఒక పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. రాత్రిపూటే చెప్పండి.

మొన్న ఇదంతా మా మనవరాలికి చెప్పాను. ఫోన్ పక్కన పెట్టి విన్నది. నేను గుట్ట దగ్గర ఆపాను, అవ్వ ఆపిన చోటే. ఆమె కాసేపు ఏమీ అనలేదు. కిటికీలో నుంచి మా పెరట్లో మూత వేసిన పాత బావి కనబడుతుంది. అటే చూస్తూ అంది.

"పిలిచే ఉంటుంది తాతా. పిలవకుంటే మన బావుల్లో నీళ్లు ఉండేవి కదా."